చిప్పుల ఫ్యాక్టరీ సరే, రెసిస్టు ఎవరు చేస్తారు?

2019 జూలై మొదటి వారంలో జపాన్ ప్రభుత్వం దక్షిణ కొరియాకు వెళ్లే మూడు రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఫ్లోరినేటెడ్ పాలిఇమైడ్, ఫోటోరెసిస్టు. అమ్మబోమని చెప్పలేదు. ఇకమీదట ప్రతి సరుకుకీ విడిగా అనుమతి తీసుకోవాలంది, అంతే. యుద్ధకాలంలో జపాన్ కొరియన్లతో చేయించిన వెట్టిచాకిరీకి పరిహారం గొడవ ఉంది, దానికి ఇది ప్రతీకారమని కొరియా అంది. కాదు, దేశ భద్రత అని జపాన్ అంది. ఎవరి మాట ఎలా ఉన్నా, వారం తిరక్కుండా శాంసంగ్ వైస్ చైర్మన్ టోక్యో విమానం ఎక్కాడు. ప్రపంచంలో మెమరీ చిప్పులు అప్పటికి అందరికన్నా ఎక్కువగా చేస్తున్న కంపెనీ అది. యంత్రాలున్నాయి, ఇంజనీర్లున్నారు, డబ్బుంది. లేనిదల్లా సీసాలో వచ్చే ద్రవం.

నేను చిప్పుల మనిషిని కాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం దొరక్క, విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు ప్లేటు సెక్షన్లో చేరాను. తర్వాత హైదరాబాద్ వచ్చి, జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, రిటైరయ్యేదాకా పనిచేశాను. మొదటి ఉద్యోగంలో వెలుగుతో పని, రెండోదాంట్లో శుద్ధితో పని. ఆ రెండూ కలిసేచోట ఉంటుంది ఫోటోరెసిస్టు, పొట్టిగా రెసిస్టు: వెలుగు తగిలితే గుణం మారే పూత. అందుకే, చిప్పుల పేరు చెప్పి మన రెండు రాష్ట్రాలూ ఎకరాలూ రాయితీలూ ప్రకటిస్తున్న ఈ రోజుల్లో, ఈ ఒక్క సరుకు గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు ప్లేటు సంగతి. ఆ గదిలో పసుపు బల్బు తప్ప మరో దీపం వెలగకూడదు. అల్యూమినియం రేకు మీద పల్చటి పూత ఉంటుంది. దానిమీద ఫిల్ము పరిచి, మధ్యలో గాలి లాగేసి, పెద్ద దీపం కింద ఎక్స్‌పోజ్ చేస్తాం. వెలుగు తగిలినచోట పూత గుణం మారిపోతుంది. డెవలపరుతో కడిగితే అక్కడిది కొట్టుకుపోయి, అక్షరాలున్న మేరకు మాత్రం నిలుస్తుంది. సిరా పట్టేది ఆ నిలిచినదానికే. ఇప్పుడు ఫిల్ములు పోయాయి, కంప్యూటరు చెప్పినట్టు లేజరు నేరుగా ప్లేటు మీద రాస్తుంది. మీరు చదివే అచ్చు పేపరు ఇలా వెలుగు రాసిన ప్లేటు మీదనుంచి వచ్చిందే.

మా సెక్షన్లో ఒక పెద్దాయన ఉండేవారు. అంతకుముందు కాలంలో కోడిగుడ్డు తెల్లసొనలో అమ్మోనియం బైక్రోమేట్ కలిపి, రేకు మీద పోసి, వర్లర్‌లో పెట్టి గిరగిరా తిప్పి పూతను సమంగా పరిచేవాళ్లమని చెప్పేవారు. ఆయన వేళ్ల సందుల్లో ఆ బైక్రోమేట్ పెట్టిన పుండ్ల మచ్చలు చివరిదాకా పోలేదు. ఈ వేళ కోట్లకు కోట్లు పోసి కట్టే చిప్పుల ఫ్యాక్టరీలో జరిగే పని కూడా ఈ వరసలోనే ఉంటుంది. గుండ్రటి సిలికాన్ పలక, దాన్నే వేఫరు అంటారు, దానిమీద రెసిస్టు చుక్క వేసి గిరగిరా తిప్పుతారు. ఎక్స్‌పోజ్ చేస్తారు. డెవలపరుతో కడుగుతారు. ఆ గదిలోనూ పసుపు దీపాలే.

పోలిక యాదృచ్ఛికం కాదు, ఇది ఒకే వంశం. 1820ల్లో ఫ్రాన్స్‌లో నీప్స్ అనే ఆయన ఒకరకం తారును పలకమీద పూసి ఎండకు పెట్టాడు. వెలుగు పడిన మేర తారు గట్టిపడింది, మిగతాది లావెండర్ నూనెతో కడిగితే పోయింది. ఫోటోగ్రఫీకీ ఫోటో అచ్చుకీ మూలపురుషుడు ఆయనే. 1940ల్లో జర్మనీలో కాలె కంపెనీ కెమిస్టు ఆస్కర్ సూస్ డయాజోనాఫ్తోక్వినోన్ అనే పదార్థానికి వెలుగు తగిలితే ఏమవుతుందో తేల్చాడు. అది ప్రింటింగ్ ప్లేట్ల పూత అయింది. 1957లో అమెరికా సైన్యపు ప్రయోగశాలలో జే లాత్రప్, జేమ్స్ నాల్ అనే ఇద్దరు ఫిరంగి గుండు ఫ్యూజులో పట్టేంత చిన్న సర్క్యూట్లు చేయాల్సి వచ్చి, మైక్రోస్కోపును తలకిందులుగా వాడారు. చిన్నదాన్ని పెద్దగా చూపే పరికరంతో పెద్ద బొమ్మను చిన్నగా చేసి, కొడాక్ వాళ్ల రెసిస్టు పూసిన పలకమీద వేశారు. ట్రాన్సిస్టర్ల తయారీలోకి వెలుగు అలా వచ్చింది. కొన్నేళ్లకు సూస్ గారి ప్లేటు రసాయనమే ‘ఏజెడ్’ అనే పేరుతో చిప్పులవాళ్లకు అమ్ముడుపోయింది. దశాబ్దాలపాటు ప్రపంచపు చిప్పులు చాలావరకు ఆ జాతి రెసిస్టుతోనే నడిచాయి. పెద్ద గీతలున్నచోట ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

గీత సన్నం కావాలంటే వెలుగు తరంగం పొట్టిది కావాలి. అందుకే పాదరసపు దీపం ఇచ్చే 436 నానోమీటర్ల నీలికాంతి నుంచి 365కి, అక్కడినుంచి లేజర్లతో 248కి, 193కి దిగారు. తర్వాత ఇంకో మెట్టు దిగడానికి ఇరవై ముప్ఫై ఏళ్లు పట్టింది. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లో ఏఎస్ఎంఎల్ చేసే యంత్రాలు 13.5 నానోమీటర్ల కాంతితో పనిచేస్తాయి. దాన్ని ఈయూవీ అంటారు. కరిగిన తగరాన్ని సెకనుకు 50,000 చుక్కలుగా వదులుతారు. ఒక్కో చుక్కనూ లేజరుతో రెండుసార్లు కొడతారు. మొదటి దెబ్బకు చుక్క అప్పడంలా చదునవుతుంది, రెండో దెబ్బకు ప్లాస్మాగా మారి కాంతినిస్తుంది. ఈ కాంతిని గాలి మింగేస్తుంది కనుక యంత్రం లోపలంతా శూన్యం ఉండాలి. గాజు కూడా మింగేస్తుంది కనుక కటకాలు పనికిరావు, జైస్ కంపెనీ అద్దాలు పెట్టాలి. ఎంత గొప్ప అద్దమైనా నూటికి ముప్ఫై పాళ్లు పోగొడుతుంది. పది అద్దాలు దాటేసరికి నూటికి మూడు పాళ్లు కూడా మిగలదు. ఈ జాతిలో కొత్త యంత్రం మొదటిది 2023 డిసెంబరులో ఒరెగాన్‌లోని ఇంటెల్‌కు బయల్దేరింది. వెల 35 కోట్ల యూరోల పైమాట.

పత్రికల్లో అందరం ఈ యంత్రం గురించి రాసి మురిసిపోతాం. మురవాల్సిందే. అయితే ఆ వెలుగు చివరికి వచ్చి పడేది కొన్ని పదుల నానోమీటర్ల మందం ఉన్న పూత మీద. అసలు చిక్కు అక్కడుంది. 193 నానోమీటర్ల కాంతిరేణువుతో పోలిస్తే ఈయూవీ రేణువులో శక్తి 14 రెట్లు. అంటే అంతే శక్తిని పంపినా రేణువుల లెక్క పద్నాలుగో వంతుకు పడిపోతుంది. తొలకరి తొలి చినుకులు పడ్డ వాకిలిని చూడండి. ఒకచోట మూడు చుక్కలు పక్కపక్కన, పక్క జానెడు పొడి. గీత వెడల్పు పది పన్నెండు నానోమీటర్లకు వచ్చేసరికి వెలుగు పరిస్థితి కూడా ఇదే. ఒకచోట రేణువులు చాలక గీత తెగుతుంది, ఇంకోచోట ఎక్కువై రెండు గీతలు అతుక్కుంటాయి. వేఫరు మీద అలాంటి చోటు ఒక్కటి దొర్లినా ఆ చిప్పు చెత్తబుట్టకే.

దీనికి యంత్రం దగ్గర సగమే మందుంది. మిగతా సగం రసాయనం దగ్గరుంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన ఇన్‌ప్రియా అనే చిన్న సంస్థ పొడవాటి ప్లాస్టిక్ అణువుల జోలికి పోకుండా, తగరం పరమాణువులు ఉన్న బుల్లి ఆక్సైడ్ గుత్తులతో రెసిస్టు చేసింది. ఒక్కో గుత్తి నానోమీటరు ప్రాంతంలో ఉంటుంది. తగరం ఈయూవీని బాగా పీల్చుకుంటుంది కనుక వచ్చిన కాస్త వెలుగూ వృథా కాదు. కాంతి పుట్టించేదీ తగరమే, దాన్ని పట్టుకునేదీ తగరమే. 2021లో ఇన్‌ప్రియాను జపాన్‌కు చెందిన జేఎస్ఆర్ కొనేసింది. కొన్నాళ్లకు జేఎస్ఆర్‌నే జపాన్ ప్రభుత్వ నిధి కొనేసింది. రెసిస్టును ఆ దేశం ఏ కంటితో చూస్తోందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

జేఎస్ఆర్ పూర్వనామం జపాన్ సింథటిక్ రబ్బర్. 1957లో టైర్ల రబ్బరు కోసం పెట్టిన కంపెనీ. రెసిస్టులో మరో పెద్ద పేరు షినెత్సు, 1926లో ఎరువుల కంపెనీగా పుట్టింది. ఫ్యూజీ వాళ్లు కెమెరా ఫిల్ములవాళ్లని అందరికీ తెలుసు. వీళ్లెవరూ చిప్పులతో మొదలుపెట్టలేదు. తమకు చేతనైన రసాయనం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. 2019 నాటికి ప్రపంచంలో అమ్ముడయ్యే రెసిస్టులో దాదాపు 90 శాతం జపాన్ వాళ్లదే. రబ్బరువాళ్లూ ఎరువులవాళ్లూ చేసిన పని, మందులవాళ్లు ఎందుకు చేయలేరు? నా ప్రశ్న అది.

ఊరికే ఊహించి అడగడం లేదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని శాన్ హోసేలో ఐబీఎం కెమిస్టులు హిరోషి ఇటో, గ్రాంట్ విల్సన్, వాళ్లతో కలిసిన జాన్ ఫ్రెషే ఒక కొత్తరకం రెసిస్టు కనిపెట్టారు. 248, 193 రెసిస్టులన్నిటికీ అదే పునాది. దాని గుట్టు ‘టీ-బాక్’. బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో బల్క్ డ్రగ్ కెమిస్టు ఎవర్నైనా నిద్రలేపి అడగండి, బాక్ అంటే ఏమిటో చెబుతాడు. అణువులో ఒక మూలను రియాక్షన్ నుంచి కాపాడాలంటే దానికి బాక్ తగిలిస్తాం. పనయ్యాక యాసిడ్ వేసి ఊడగొడతాం. కార్బన్ డయాక్సైడు, ఐసోబ్యూటిలీన్ వాయువులై పోతాయి. మా ప్లాంటులో డ్రమ్ములకొద్దీ బాక్ అన్‌హైడ్రైడ్ వాడేవాళ్లం. ఐబీఎం వాళ్లు ఈ బాక్‌ను పాలిమర్ గొలుసుకు తగిలించారు. వెలుగు తగిలితే యాసిడ్ పుట్టించే ఉప్పును దాంట్లో కలిపారు. వెలుగు పడ్డచోట ఒక యాసిడ్ అణువు పుడుతుంది, కాస్త వేడిచేస్తే ఒక బాక్‌ను ఊడగొడుతుంది. ఆ పనిలో తాను ఖర్చయిపోదు కనుక పక్కదాన్నీ ఊడగొడుతుంది, ఆ పక్కదాన్నీ. ఒక్క కాంతిరేణువుకు వందల పనులు. మేం రెండువేల లీటర్ల రియాక్టరులో చేసే డీప్రొటెక్షనే, అక్కడ వెంట్రుకలో వెయ్యోవంతు మందంలో జరుగుతుంది.

అయితే అంత తేలికైతే ఈపాటికి అందరూ చేసేవాళ్లు. అడ్డం ఎక్కడో క్యూసీలో కూర్చున్నవాడికి తెలుసు. మందుల్లో మేం వెంటపడే లోహాలు ముఖ్యంగా నాలుగు: సీసం, ఆర్సెనిక్, క్యాడ్మియం, పాదరసం. అదీ పీపీఎం లెక్కల్లో, అంటే పది లక్షల్లో ఇన్ని పాళ్లని. సోడియంను మేం లెక్కలోకే తీసుకోం. ఎన్నో మందులు సోడియం సాల్టులే కదా. చిప్పులవాళ్లకు మాత్రం సోడియం యమపాశం. 1960ల్లో ట్రాన్సిస్టర్లు ఉన్నట్టుండి గుణం మార్చుకుంటుంటే ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో కారణం వెతికారు. సిలికాన్ మీది ఆక్సైడ్ పొరలో సోడియం అయాన్లు అటూఇటూ జరుగుతున్నాయని తేలింది. ఆ బృందంలో ఒకడైన యాండీ గ్రోవ్ తర్వాత ఇంటెల్‌కు అధిపతి అయ్యాడు. సోడియం అంటే చెమట. సోడియం అంటే కుళాయి నీళ్లు, గాజుసీసా గోడ. అందుకే రెసిస్టులో దాన్ని వంద కోట్లలో కొన్ని పాళ్లకు మించనివ్వరు. మనవాళ్లకు అణువు కట్టడం వచ్చు. ఇంత శుద్ధిలో కట్టడం, కట్టినదాన్ని పాడుచేయకుండా సీసాలోకి దించడం, ప్రతి బ్యాచ్ ముందు బ్యాచ్‌లాగే ఉండేట్టు చూడడం నేర్చుకోవాలి. గాలి కూడా శత్రువే. వంద కోట్లలో పది పదిహేను పాళ్ల అమీను గాలిలో ఉంటే చాలు, పైపొరలో యాసిడ్‌ను చంపేసి గీతకు గొడుగులాంటి తల మొలిపిస్తుంది. ఐబీఎం వాళ్లు ఈ రోగం పట్టుకోవడానికి ఏళ్లు పట్టింది.

మరి మనకు ఎక్కడ మొదలు? ఈయూవీ దగ్గర కాదు. ఆ మాట ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి మెట్టు సర్క్యూట్ బోర్డుల మీది ఆకుపచ్చ పూత, ఎల్ఈడీలకు వాడే రెసిస్టు, ప్యాకేజింగ్‌లో వాడే మందపాటి రెసిస్టు. ఈ రెసిస్టుల్లో చాలావాటికి సూస్ గారి పాత రసాయనమే సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో కేంద్రం అనుమతించిన ఏఎస్ఐపీ ఫ్యాక్టరీ చిప్పులు చేసేది కాదు, చిప్పులకు ప్యాకేజింగ్ చేసేది. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు లక్ష్యం. చిన్నచూపు చూడాల్సిన పనిలేదు, పక్క ఊళ్లో సరుకు కొనేవాడు దొరికినట్టే. గుజరాత్‌లోని ధొలేరాలో 91,000 కోట్ల రూపాయలతో టాటాలు కడుతున్న ఫ్యాక్టరీ 28 నానోమీటర్ల నుంచి 110 దాకా చేస్తుంది, నెలకు 50,000 వేఫర్లు. పాతికేళ్ల కిందటి 180 నానోమీటర్ల పద్ధతిలో మొహాలీ ప్రభుత్వ ప్రయోగశాల చేసిన విక్రమ్ చిప్పు రాకెట్లలోకి పోతోంది. వీటిలో దేనికీ ఈయూవీ అక్కర్లేదు.

ధొలేరాకు మెటీరియల్స్ కోసం టాటా ఎలక్ట్రానిక్స్ 2025 సెప్టెంబరులో జర్మనీకి చెందిన మెర్క్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. ఇందాక చెప్పిన ‘ఏజెడ్’ రెసిస్టుల వ్యాపారం 2014 నుంచి ఆ మెర్క్ చేతిలోనే ఉంది. మొదటి రోజునుంచే నాణ్యమైన సరుకు కావాలి కనుక టాటాలను తప్పుపట్టలేం. కానీ ఒకసారి ఒక రెసిస్టుతో లైను కుదిరాక ఏ ఫ్యాక్టరీ కూడా ఏళ్లతరబడి దాన్ని మార్చదు. మందుల్లో ఒక ముడిసరుకు సప్లయర్‌ను మార్చాలంటేనే మాకు ఎన్ని కాగితాలు, ఎన్ని బ్యాచ్‌లు! అక్కడ అంతకు పదింతలు. ఆలస్యమైనకొద్దీ తలుపు మూసుకుపోతుందని చెప్పడమే నా ఉద్దేశం.

చిప్పుల బయట కూడా వెలుగుతో వస్తువులు చేసే విద్య దూసుకుపోతోంది. పన్ను పుచ్చితే డాక్టరు ముద్ద పెట్టి నీలిరంగు దీపం చూపిస్తారు, అర నిమిషంలో రాయి అవుతుంది. అదే రసాయనంతో 2001లో ఒసాకాలో సతోషి కవాటా బృందం పది మైక్రోమీటర్ల పొడవున ఎద్దు బొమ్మ చేసింది, ఎర్ర రక్తకణం కన్నా కాస్తే పెద్దది. రెండు కాంతిరేణువులు ఒకేసారి తగిలితేనే గట్టిపడే రెసిన్ అది. లేజరు కొస ఎక్కడ కేంద్రీకరిస్తే అక్కడ మాత్రమే, ద్రవం మధ్యలో, గీత గీయొచ్చు. రెండు రేణువులను ఒకేసారి పీల్చుకోవడం సాధ్యమేనని మరియా గోపర్ట్ మేయర్ అనే ఆవిడ 1930 ప్రాంతంలో తన పీహెచ్‌డీలోనే లెక్కకట్టి చెప్పింది, లేజరు పుట్టడానికి ముప్ఫై ఏళ్ల ముందు. 2017లో షికాగోలో తలపిన్ అనే కెమిస్టు బృందం రెసిస్టే లేకుండా గీతలు వేసింది. నానో స్ఫటికాలకే వెలుగుకు స్పందించే అణువులు తగిలించి, వెలుగుతో నేరుగా వాటినే గీతలుగా నిలబెట్టింది. 2023 రసాయన నోబెల్ వచ్చిన క్వాంటమ్ డాట్లనూ ఇలా అమర్చొచ్చు. వ్యాపారంగా ఇవి ఇంకా చిన్నవి. కానీ 35 కోట్ల యూరోల యంత్రం అక్కర్లేని దారి ఇది, యూనివర్సిటీ ల్యాబు కూడా నడవగలిగిన దారి.

ఇక చెప్పక తప్పని మాట. పటాన్‌చెరు, బొల్లారం, నక్కవాగు. ఆ పేర్లు విన్నవాడెవడూ మరో రసాయన పరిశ్రమ అంటే చప్పట్లు కొట్టడు, కొట్టకూడదు కూడా. బావులు రంగు మారాయి, కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. రెసిస్టు కూడా అమాయకపు సరుకు కాదు. యాసిడ్ పుట్టించే ఆ ఉప్పుల్లో చాలావాటిలో, మట్టిలో నీళ్లలో ఎన్నేళ్లకూ విరగని ఫ్లోరిన్ సమ్మేళనాలుంటాయి. కడగడానికి వాడే టీఎంఏహెచ్ ఒంటిమీద ఒలికితే చర్మంలోంచి లోపలికి పోయి ప్రాణం తీయగలదు, అలా పోయినవాళ్లున్నారు. మా పెద్దాయన వేళ్ల మచ్చలు దీని ముందు ఎంత! చుక్క బయటికి పోకుండా శుద్ధిచేసే ఏర్పాటు లేనిచోట దీనికి అనుమతి ఇవ్వకూడదు. ఒక ఊరట ఉంది. రెసిస్టు టన్నుల లెక్కన అమ్మే సరుకు కాదు, లీటర్ల లెక్కన అమ్మేది. తక్కువ సరుకు, ఎక్కువ ధర. వ్యర్థాన్ని శుద్ధిచేసే ఖర్చు మోయగల వ్యాపారం.

కాబట్టి ప్రభుత్వాలను అడగాల్సింది ఇంకో వెయ్యి ఎకరాలు కాదు. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, బాలాపూర్‌లో నానో పదార్థాల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉంది. వాటిలో ఒకదాని పక్కన, 365 నానోమీటర్ల ఎక్స్‌పోజరు యంత్రం ఒకటి, వంద కోట్లలో ఒక పాలు లోహాన్ని కొలిచే పరికరాలు, మంచి శుభ్రమైన గది పెట్టి, ఏ కెమికల్ కంపెనీ అయినా అద్దె కట్టి తన రెసిస్టును పరీక్షించుకునే వీలు కల్పించండి. చిన్న కంపెనీ ఏదీ సొంతంగా ఆ గది కట్టే స్థితిలో ఉండదు. ఆ గది లేకుండా సరుకు బాగుందో లేదో చెప్పలేదు, చెప్పలేనివాడి సరుకు ఎవరూ కొనరు. అక్కడ తేలిన రెసిస్టును మొహాలీలో, బెంగళూరు ఐఐఎస్సీ నానో కేంద్రంలో వాడి చూడమని కేంద్రాన్ని ఒప్పించండి. మన యూనివర్సిటీల ఎమ్మెస్సీ సిలబస్‌లో ఫోటోకెమిస్ట్రీ ఒక మూలన పడి ఉంటుంది, పరీక్షకు ఒక ప్రశ్న వస్తే వచ్చినట్టు. దాన్ని ల్యాబులోకి తెండి. పిల్లలు రెసిస్టు పూసి, ఎక్స్‌పోజ్ చేసి, కడిగి చూడాలి. పాలిటెక్నిక్‌లో కూడా సాధ్యమయ్యే పని.

బల్క్ డ్రగ్ కంపెనీల యజమానులకూ ఒక విన్నపం. చైనా ధరలతో పోటీపడి పారాసెటమాల్ మీద కిలోకు ఎంత మిగులుతుందో మీకు తెలుసు. మీ దగ్గర బాక్ తెలిసిన కెమిస్టులున్నారు. వాళ్లలో నలుగురిని, రెండు మూడేళ్లు ఆదాయం అడగకుండా, ఈ పనిమీద కూర్చోబెట్టండి.